కూతపెట్టెకు కాపలా

వెర్లిన్ బోడే కొత్త స్కోపు కొన్నాడన్న కబురు, ఆ స్కోపు ఇంటికి చేరకముందే దాణాకొట్టులో అందరికీ చేరిపోయింది. మోసినవాడు వెర్లినే. తుపాకి మీద దాన్ని బిగిస్తే కటిక చీకట్లో అరమైలు అవతల ఉన్న కుందేలుకి పన్ను పుచ్చిందో లేదో తెలిసిపోతుందన్నాడు.

"ఏ పన్నో కూడా చెబుతుందా?" అన్నాడు డబ్ హార్ల్సన్, కాఫీ కప్పు మూతి దగ్గర్నించి తియ్యకుండానే.

"పై వరసైతే చెబుతుంది. కింది వరస కావాలంటే ఇంకా పెద్ద రకం కొనుక్కోవాలి" అన్నాడు వెర్లిన్, రెప్ప కూడా వెయ్యకుండా.

కొట్టంతా గొల్లుమంది. ఈ వెర్లినే అంతకుముందు ఏడాది ఒక అడవిపందిని నాలుగు తూటాలతో కొట్టానని, అది మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ నాలుగింటినీ 'నీ సామాను నువ్వే ఉంచుకో' అన్నట్టు గుమ్మం ముందు కక్కి పోయిందని చెప్పినవాడు. ఆయన అబద్ధాలాడతాడని ఆ కొండసీమలో ఎవరూ అనరు. జరిగినదాన్ని కాస్త సాగదీస్తాడు. ఆ సాగిన ముక్క కోసమే అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు.

ఫిబ్రవరి నెల. మేకలు ఈనే రోజులు. కొయోటీ నక్కలు కొండవాగుల్లోంచి దిగి కంచెల వెంట తిరిగే రోజులు కూడా అవే. సాయంత్రం వెర్లిన్ వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, తుపాకి దాని మీద పడుకోబెట్టి, స్కోపు మరలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకున్నాడు. స్కోపు పక్కన బొటనవేలంత దీపం ఉంది. దాని వెలుగు మనిషి కంటికి ఆనదు, నక్క కంటికీ ఆనదు, స్కోపు కంటికే ఆనుతుంది. పొద్దుటే కాగితం మీద గురి సరిచూసుకున్నాడు. ఇక చీకటి పడటమే తరువాయి.

"ఓలెటాకి ఫోన్ చేశావా?" అంది భార్య వెల్డా, పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే.

"చేస్తాలే."

"నువ్వు చేస్తాలే అన్నావంటే చెయ్యవన్నమాటే."

"నలభై ఏళ్లనించీ ఈ మాటే అంటున్నావు. ఒక్కసారైనా తప్పయిందా నీ మాట?" అని నవ్వుతూ టోపీ పెట్టుకుని బయటపడ్డాడు.

కంచె పక్కన పిల్లకూత పెట్టేముందు అవతలి వాళ్లకి ఒక మాట చెప్పడం అక్కడి మర్యాద. మేకపిల్ల ఏడుపుని పెట్టెలో పట్టి వినిపిస్తే నక్క వస్తుంది. నక్క ఒక్కటే రాదు. అందుకని ఫోన్ చేసి చెబితే అవతలివాళ్లు ఆ పూటకి కాపలా కుక్కని కొట్టంలో పెట్టుకుంటారు. ఫోను వెర్లిన్ జేబులోనే ఉంది. కంచె దాకా నడుస్తూ ఒకసారి తీశాడు కూడా. కానీ కంచె అవతలి ఓలెటా ప్రూయిట్‌కి ఫోన్ చేస్తే ఈనిన ప్రతి మేక పురుడూ మొదటినించి చివరిదాకా వినాలి. ఆకాశంలో ఎరుపు పోతోంది. ఫోను మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాడు. ముక్కాలి ఊతం మీద తుపాకి. ఎదురుగా గడ్డిలో కూతపెట్టె. బాగా చీకటి పడ్డాక చేతిలోని రిమోట్ మీట నొక్కాడు. తల్లి కనపడని పిల్ల ఏడ్చినట్టు పెట్టె ఏడవడం మొదలెట్టింది.

స్కోపులో లోకమంతా బూడిద రంగు. గడ్డి బూడిద, బండ బూడిద, సీడర్ పొదలు కొంచెం చిక్కటి బూడిద. నక్క అయితే గాలివాటం చూసుకుని చుట్టు తిరిగి, తల దించి, పది చోట్ల ఆగుతూ వస్తుంది. ఇది అలా రాలేదు. ఓలెటా కంచె వైపునించి, గాలి వీపున తగులుతుంటే, ఉరుకుతూ నేరుగా వచ్చేసింది. వెర్లిన్ ఆ సంగతి చూశాడు. చూసి, ఆకలి మీదున్న నక్క కాబోలనుకున్నాడు. అది పెట్టెని వాసన చూసింది, దాని చుట్టూ ఒకసారి తిరిగింది, కడుపు దాకా గడ్డిలో మునిగి నిలబడింది. తల ఇటు తిప్పగానే కళ్లు రెండూ నిప్పుల్లా వెలిగాయి.

కళ్లని కొట్టకండిరా, ఒళ్లు చూసి కొట్టండి అని ఆ ఊళ్లో కుర్రాళ్లందరికీ చెప్పింది వెర్లినే.

కళ్లని కొట్టాడు.

టార్చి వేసుకుని నడిచి వెళ్లాడు. మామూలు వెలుతురు పడగానే బూడిద రంగంతా తెల్లబడిపోయింది. ఓలెటా మేకలమందని కాసే డీకన్, నిలువెత్తు తెల్లటి కుక్క, పక్కకి ఒరిగి పడుంది. నోట్లోంచి ఆవిరి ఇంకా కొంచెం కొంచెం వస్తోంది. దాని వీపు పక్కనే పెట్టె ఏడుస్తోంది. వెర్లిన్ రిమోట్ కోసం జేబులు తడుముకున్నాడు. కోటు జేబు చూశాడు, చొక్కా జేబు చూశాడు. వేళ్లకి దొరకలేదు. ఆ ఆవిరి ఆగిపోయేదాకా మేకపిల్ల ఏడుస్తూనే ఉంది.

తన పొలంలోనే, నరికి కుప్పేసిన సీడర్ కొమ్మల కిందికి కుక్కని లాగి, పైన ఇంకో నాలుగు కొమ్మలు వేశాడు. కాల్చిన క్షణాన్ని స్కోపు తనంతట తను బొమ్మ పట్టి ఉంచుకుంది. బొటనవేలితో దాన్ని చెరిపేశాడు. చెరిపాక చేతులు గడ్డికి రుద్దుకున్నాడు.

"తగిలిందా?" అంది వెల్డా, తలుపు తీస్తూ.

"తప్పింది."

వెల్డా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమన్నావు?"

"తప్పిందన్నా. పంది."

"తప్పిందని చెప్పడం ఈ జన్మలో ఇదే మొదటిసారి" అంది వెల్డా. "ఒంట్లో బాగుందా నీకు?"

*

మర్నాడు పొద్దున డీకన్ కనపడటం లేదంటూ ఓలెటా బండి వేసుకుని వచ్చింది. వెర్లిన్ వెళ్లక తప్పలేదు. ఓలెటా పొలంలో, కొండ అంచున యుసేబియో అల్యూమినియం గిన్నెని కర్రతో కొడుతూ పిలుస్తున్నాడు. డీకన్ కళ్లు తెరవని పిల్లగా ఉన్నప్పటినించీ మేకల మధ్యే పడుకోబెట్టి పెంచింది అతనే. ఏడేళ్లుగా ఓలెటా దగ్గర పని. సన్నగా ఉంటాడు, మాట తక్కువ, పిలుపు మాత్రం వాగు అవతలికి వినిపిస్తుంది.

"కుక్క తనంతట తను మందని వదిలి పోదు" అంది ఓలెటా. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి. కోటు కింద రాత్రి గౌనే ఉంది. "దిగువ గేటు తెరిచి ఉండి ఉంటుంది. నిన్న సాయంత్రం అటు గడ్డి తోలింది ఇతనే."

"గొలుసు వేశాను, సెన్యోరా. రెండు చుట్లు" అన్నాడు యుసేబియో. అతని స్పానిష్‌లో ఓలెటా సెన్యోరా, అమ్మగారు; వెర్లిన్ దాన్ వెర్లిన్, అయ్యగారు.

"పొద్దున్న మూసే ఉంది, చూశాను. రాత్రి తెరిచి పెట్టి, కుక్క పోయాక వెళ్లి మూసొచ్చి, ఇప్పుడు రెండు చుట్లంటే నమ్మాలా?"

యుసేబియో గిన్నె కొట్టడం ఆపాడు. కాసేపాగి మళ్లీ కొట్టడం మొదలెట్టాడు.

"నిన్న చీకటి పడ్డాక నీ వైపు తుపాకి మోగింది, వెర్లిన్."

"పంది, మిస్ ఓలెటా. తప్పింది."

"నువ్వు తప్పావా? కుందేలు పళ్లు కనపడతాయన్నావటగా?"

మామూలు రోజైతే ఆ మాటకి వెర్లిన్ దగ్గర మూడు జవాబులు తయారుగా ఉండేవి. "దొరుకుతుందిలెండి" అన్నాడు. ఆ మాట పైకి అంటుంటే కూడా కళ్లు కంచె అవతల సీడర్ కుప్ప మీదికి పోతున్నాయి. వాటిని బలవంతాన కొండ మీదికి తిప్పుకున్నాడు.

పొద్దెక్కేదాకా వెతికారు. వెతకడానికి తన పొలంలోకి ఎవరూ రాకుండా, "మావైపు నేను చూస్తాలెండి" అని తనే అన్నాడు. చూస్తున్నట్టు ఆ కుప్ప చుట్టూ ఒక్కడే తిరిగాడు. గద్దలు వస్తాయేమోనని ఆకాశం కేసి చూశాడు.

*

కుక్క లేదన్న సంగతి నక్కలకి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండో రాత్రే రెండు పిల్లలు పోయాయి. తల్లిమేకలు పొద్దున్నే కంచె పట్టుకుని అరుస్తుంటే ఓలెటా వెర్లిన్‌కి ఫోన్ చేసింది.

"ఆ స్కోపు పట్టుకుని రా. ఈ సాయంత్రం నువ్వు కూర్చుంటే తప్ప నాకు నిద్ర రాదు."

పొద్దుగూకుతూనే వెర్లిన్ ఆమె కొట్టం గోడకి ఆనుకుని, గడ్డిమోపు మీద తుపాకి పెట్టుకుని కూర్చున్నాడు. కూతపెట్టె తేలేదు. అడిగితే, పిల్లలు నిజంగానే ఏడుస్తున్నాయిగా, పెట్టెందుకు అన్నాడు. చీకటి ముసిరాక కంచె దగ్గర ఒక జత కళ్లు వెలిగాయి.

అది నక్కే. తల దించి ఉంది, గాలివాటం చూసుకుంటోంది, ఒక అడుగు వేసి ఆగుతోంది. అంతా తెలుస్తూనే ఉంది. తుపాకి మీట మీద వేలు పెట్టాడు. స్కోపులో అదే బూడిద, అవే నిప్పులు. నక్కే కదా అనుకున్నాడు. నక్కే కదా అని మొన్నా అనుకున్నాడు. ఇంకొంచెం దగ్గరికి రానీ, ఒళ్లు పూర్తిగా కనపడనీ అనుకుంటూ ఉంటే కంచె కింద గడ్డి కదిలింది, ఒక పిల్ల కీచుమని అరిచింది, ఆ నిప్పులు రెండూ వెనక్కి తిరిగి ఆరిపోయాయి. తుపాకి మోగలేదు.

ఓలెటా లాంతరు పట్టుకుని పరుగున వచ్చింది. "కనపడలేదా?"

"కనపడింది."

"మరి?"

వెర్లిన్ తుపాకి దించాడు. "కుక్కేమో అనుకున్నా."

ఓలెటా లాంతరు దించేసింది. ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "నా డీకన్ తిరిగొచ్చిందేమోనని ఆగిపోయావా? మంచి మనసయ్యా నీది. పైకి కోతలు కోస్తావు గానీ." ఆ చెయ్యి బరువుకి వెర్లిన్ ఇంకొంచెం కుంగాడు. "ఇదంతా ఆ గేటు వల్ల" అంది ఆమె, చీకట్లోకి చూస్తూ.

తెల్లవారి వెర్లిన్ వెళ్లేసరికి యుసేబియో గదిలోంచి సంచి బయటికొచ్చి గుమ్మం పక్కన కూర్చుని ఉంది. యుసేబియో తిరగేసిన బకెట్ మీద కూర్చుని, తల్లి వదిలేసిన పిల్లకి సీసా పడుతున్నాడు. ఓలెటా ఇంట్లోంచి రాలేదు. కిటికీ తెర మాత్రం కదులుతోంది.

"ఎక్కడికి?" అన్నాడు వెర్లిన్.

"సెన్యోరా పొమ్మంది, దాన్ వెర్లిన్. ఊళ్లో మా చెల్లెలింటికి. బావ వచ్చి తీసుకెళతానన్నాడు." రోడ్డు మీద బండి హారను మోగింది. యుసేబియో లేచాడు. పిల్లని ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి, వెర్లిన్ చేతుల్లో పెట్టాడు. సీసా కూడా ఇచ్చాడు. "కొంచెం ఏటవాలుగా పట్టండి. సగం అయ్యాక ఆపి, కడుపు నిమిరి, మళ్లీ పట్టండి. ఒక్కసారే తాగితే ఉబ్బుతుంది."

వెర్లిన్‌కి మేకలు కొత్త కాదు. అయినా తల ఊపాడు. పిల్ల సీసాని తలతో పొడుస్తూ తాగుతోంది. యుసేబియో సంచి భుజాన వేసుకుని, మేకల దొడ్డి దగ్గర ఒక్క క్షణం ఆగి, నీళ్ల తొట్టి నిండుగా ఉందో లేదో చూసుకుని వెళ్లిపోయాడు. వెర్లిన్ పిలవచ్చు. గొంతుంది, మాటలున్నాయి, ఆ సీమలో ఆయనకున్నన్ని మాటలు ఎవరికీ లేవు. సీసా సగం అయ్యాక ఆపడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

*

ఆ రాత్రి నిద్రపోకుండా మాటలు కూర్చుకున్నాడు. పొద్దున్నే వెళ్లేసరికి ఓలెటా ఆ రాత్రి పుట్టిన పిల్లల బొడ్లు అయోడిన్‌లో ముంచుతోంది. వేళ్లన్నీ గోధుమరంగు.

"మిస్ ఓలెటా. డీకన్‌ని కాల్చింది నేను."

ఆమె చేతిలో పిల్లని దించి ఇంకోదాన్ని అందుకుంది. "ఏంటి?"

"స్కోపులో నక్కలా కనపడింది. మీకు ఫోన్ చెయ్యకుండా పిల్లకూత పెట్టాను. యుసేబియో తప్పేం లేదు."

ఓలెటా ఆయన మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. "వెర్లిన్ బోడే! పంది తూటాలు కక్కిందన్నప్పుడు కూడా మొహం ఇలాగే పెట్టావు."

"ఇది అది కాదు, మిస్ ఓలెటా."

"కుందేలు పళ్లు చూసే స్కోపు పెట్టుకుని నువ్వు కుక్కని నక్కనుకుని కొడతావా? మొన్న నక్క ఎదురుగా ఉంటే కుక్కేమోనని ఆగినవాడివి! ఆ మనిషి ఉద్యోగం పోయిందని నీకు నిద్ర పట్టలేదు. అంతేగా?" బొడ్డు ముంచి, పిల్లని తల్లి దగ్గరికి నెట్టింది. "సరే. నీ మాట కొట్టెయ్యను. నాకూ రాత్రి మనసొప్పలేదు. వెళ్లి తీసుకురా అతన్ని. గేటు సంగతి ఎత్తనులే ఇంక."

వెర్లిన్ ఇంకోసారి నోరు తెరిచాడు. ఓలెటా అయోడిన్ గోధుమరంగు చేత్తో ఆయన చెంప మీద ఒకటి తట్టి, "ఇలాంటి పొరుగు దొరకడం నా అదృష్టం" అంది.

బండి ఎక్కాడు. ఊరు దాకా దారంతా ఒకటే ఆలోచన. చెప్పాడు. చెప్పలేదనడానికి లేదు. వినేవాళ్లు నమ్మకపోతే తనేం చేస్తాడు? యుసేబియో పని అతనికి వస్తోంది, తన పేరు తనకి ఉంటోంది, చచ్చిన కుక్క ఎలాగూ లేచి రాదు. లెక్క అంతా సరిపోయింది. ఎక్కడా పైసా తేడా లేదు. చెంప మీద అయోడిన్ మరక ఉందని అద్దంలో కనపడి, ఉమ్ముతో తుడిచాడు. పోలేదు.

*

యుసేబియో చెల్లెలు బీన్సు నింపిన టోర్టియా రొట్టెలు రెండు కాగితంలో చుట్టి అన్న చేతికిచ్చింది. వెర్లిన్‌కి కూడా ఒకటి ఇచ్చింది. బండి ఊరు దాటి సుద్దమట్టి రోడ్డెక్కేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

"సెన్యోరా ఫోన్లో చెప్పింది" అన్నాడు యుసేబియో. "నా కోసం మీరు మీ మీద వేసుకున్నారట. మా అమ్మకి చెబితే మీకోసం దీపం వెలిగిస్తానంది."

వెర్లిన్ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

"కానీ దాన్ వెర్లిన్, నిన్న రాత్రంతా ఆలోచించాను. గొలుసు రెండు చుట్లు వేశానని నా చేతులు చెబుతున్నాయి. రోజూ వేసే చేతులు కదా. వాటికి గుర్తున్నది ఏ రోజుదో ఎవరికి తెలుసు? ముందురోజుది కావచ్చు." యుసేబియో తన అరచేతులు తిరగేసి, వేరెవరివో అయినట్టు చూసుకున్నాడు. "నేనే వదిలేసి ఉంటాను. ఒప్పుకోకుండా సెన్యోరాతో ఎదురు మాట్లాడాను. ఇప్పుడు వెళ్లగానే ఆమెని క్షమించమని అడుగుతాను. డీకన్‌ని కూడా, ఎక్కడుందో గానీ."

బండి వేగం తగ్గింది. తగ్గించాలని వెర్లిన్ అనుకోలేదు, కాలే తగ్గించింది.

"యుసేబియో. నేను మీద వేసుకోలేదు. అది నాదే."

"మీరు మంచివారు, దాన్—"

"విను. పిల్లకూత పెట్టాను. పెట్టె ఏడుస్తోంది. మీ కంచె వైపునించి నేరుగా వచ్చింది, గాలి వెనక పెట్టుకుని. గేటు లోంచి కాదు, వాగు దగ్గర కంచె కిందనించి దూరి వచ్చింది, మర్నాడు వెంట్రుకలు చూశాను. వచ్చి పెట్టెని వాసన చూసింది."

యుసేబియో చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి. "చుట్టూ తిరిగిందా?"

"ఒకసారి."

"తర్వాత?"

"పెట్టెకి వీపు పెట్టి నిలబడింది. మొహం నా వైపు."

యుసేబియో కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"అలాగే నిలబడుతుంది" అన్నాడు చివరికి, మెల్లగా. "కొత్తగా పుట్టినదానికి తడి ఆరేదాకా. తల్లిని కూడా ఒక పట్టాన రానివ్వదు." అరచేతులు మోకాళ్ల మీద బోర్లించాడు. "పెట్టె అని తెలిసుండదు దానికి."

"ఉండదు."

"ఎక్కడుంది?"

"నా సీడర్ కుప్ప కింద."

"బండి ఆపండి."

ఆపాడు. యుసేబియో సంచి తీసుకుని దిగాడు. అప్పటికే ఒక టోర్టియా తినేశాడు, రెండోది కాగితంతో సహా సీటు మీద పెట్టేశాడు. తలుపు పట్టుకుని, వెర్లిన్ మొహం కాకుండా ఆయన చొక్కా గుండీల కేసి చూస్తూ అన్నాడు: "సెన్యోరాకి నేను చెప్పను. మీరే చెప్పాలి. ఈసారి నమ్మేలా చెప్పండి."

"ఇంకా నాలుగు మైళ్లుంది. ఎక్కు, యుసేబియో."

"నడుస్తాను."

నడిచాడు. రోడ్డు పక్క తెల్లటి సుద్దదుమ్ములో, వెనక్కి తిరక్కుండా. వెర్లిన్ అతన్ని దాటి పోలేకపోయాడు, అక్కడే ఆగిపోనూ లేకపోయాడు. బండిని మొదటి గేరులో పెట్టి, మనిషి నడకతో సమానంగా, కొంచెం ఎడం వదిలి వెనకాలే పోనిచ్చాడు. ఇంజను మూలుగుతోంది.

ఎదురుగా దుమ్ము లేపుకుంటూ డబ్ హార్ల్సన్ బండి వచ్చింది. నడుస్తున్న యుసేబియోని దాటి, వెర్లిన్ పక్కన ఆగింది. డబ్ కిటికీ దించి మోచెయ్యి బయట పెట్టాడు. మొహం అప్పుడే నవ్వుకి తయారైపోయింది.

"ఏంట్రా ఇది? బండికి జబ్బు చేసిందా, లేక ఆ మనిషిని మేకలా తోలుకెళుతున్నావా?"

"ఓలెటా డీకన్‌ని నేను కాల్చేశాను, డబ్. పిల్లకూత పెట్టి పిలిచి మరీ కాల్చాను. నిందేమో అతని మీద పడింది. మూడు రోజులు నోరు మూసుకుని చూస్తూ ఊరుకున్నాను. అందుకని నా బండి ఎక్కనని నడుస్తున్నాడు."

డబ్ నవ్వు అలాగే ఉంది. ఇంజను ఆపేశాడు, కథ తీరిగ్గా వినడానికి. టోపీ వెనక్కి నెట్టుకున్నాడు.

"ఊఁ. తర్వాత?"

"తర్వాతేం లేదు."

"ఏం లేదేంట్రా? కుక్క లేచి వచ్చి తూటా చేతికివ్వలేదా?"

వెర్లిన్ కళ్లు ముందు నడుస్తున్న మనిషి మీదే ఉన్నాయి. డబ్ ఇంకాసేపు చూశాడు. నవ్వు పెదాల మీద నిలవలేక నిలవలేక, ఒక మూలనించి జారడం మొదలెట్టింది. తల తిప్పి, దుమ్ములో చిన్నదైపోతున్న యుసేబియో వీపు కేసి చూశాడు. మళ్లీ వెర్లిన్ కేసి చూశాడు. బయట పెట్టిన మోచెయ్యి లోపలికి తీసుకున్నాడు.

"నిజంగానా?" అన్నాడు.

"ఆఁ" అన్నాడు వెర్లిన్. ఎడం ఎక్కువైపోతోందని బండి కదిలించాడు.